కంపు కొట్టని మూల

మా ఫ్రిజ్‌లో పై అర మా వదినది. పెళ్లయి ఈ ఇంటికి వచ్చిన కొత్తలో నాకా సంగతి ఎవరూ చెప్పలేదు. ఒకరోజు ఆ అరలో ఉన్న స్టీలు డబ్బా మూత తీసి, పిండి కాబోలు, ఏమాత్రం పులిసిందో చూద్దామని వేలు పెట్టాను. పిండి ముడుచుకుంది.

నేను పెట్టిన కేకకి మా ఆయన పేషెంటు నోరు తెరిచింది తెరిచినట్టే వదిలేసి పరిగెత్తుకొచ్చారు. ఆయన పళ్ల డాక్టరు, ఇంటి ముందు గదే క్లినిక్కు. మా వదిన మాత్రం తీరిగ్గా వచ్చి, డబ్బాలోకి తొంగి చూసి, "చెయ్యి వేడిగా ఉందా నీది? దానికి వేడి పడదు," అంది. ఆవిడ దిగులు నా వేలి గురించి కాదు.

ఆ పదార్థాన్ని మా దీవిలో అందరూ చీమిడి అంటారు. దానికి లాటిన్‌లో రెండు మాటల గౌరవమైన పేరు ఉంది గానీ, ఒకసారి చూశాక ఆ పేరు నోటికి రాదు. జలుబు చేసిన పిల్లాడి ముక్కు కింద ఎండీ ఎండకుండా ఉండేది ఏ రంగో, ఇదీ ఆ రంగే. తాడుకి పడితే తాడంతా, మెట్టుకి పడితే మెట్టంతా పాకుతుంది. పడవ అడుక్కి పడితే కరిగిన కొవ్వొత్తిలా కారి బారెడు పొడవున వేలాడుతుంది. ముట్టుకుంటే చల్లగా, జిగటగా, మధ్యలో కాస్త గరుగ్గా తగులుతుంది. అది మొక్క కాదు, జంతువట. అదైనా ఒక్కటి కాదు, ఆవగింజలో సగం ఉండే జంతువులు వేలకి వేలు ఒకే తోలు కప్పుకుని కాపురం చేస్తాయట. ఉమ్మడి కుటుంబం మీద నాకున్న కాస్త గౌరవం ఆ రోజుతో పోయింది.

వదిన అంటే మా ఆయనకి అక్క. సముద్రజీవుల శాస్త్రవేత్త. ఎక్కడెక్కడి సముద్రాల నుంచో ఓడల అడుగున అంటుకుని, ఓడలు బరువు కోసం నింపుకునే నీళ్లలో దాక్కుని, మా దీవికి వచ్చి దిగి, ఇక్కడి జీవాల పీక నొక్కి బతికేవి కొన్ని ఉంటాయి. వాటిని కనిపెట్టడం, ఆపడం ఆవిడ ఉద్యోగం. పెళ్లి మాట ఎత్తినప్పుడల్లా బోటెక్కి వెళ్లిపోయేదట. ఇంట్లోవాళ్లు ఆ మాట ఎత్తడం మానేశాక కూడా ఆవిడ బోటెక్కడం మానలేదు.

హార్బరుకి చీమిడి ఆవిడ ఉద్యోగంలో చేరకముందే వచ్చేసింది. అక్కడిక చెయ్యగలిగింది లేదు. దీవికి అవతలి పక్కన మాత్రం ఒక మడుగు ఉంది. పగడపు దిబ్బ దాని చుట్టూ ప్రహరీలా ఉంటుంది. నడుం లోతులో నిలబడి చూసినా కాలిగోళ్ల రంగు తెలిసే నీళ్లు. అందులోకి చీమిడి ఒక్కసారి దిగిందంటే పగడాల మీద దుప్పటి కప్పినట్టు కప్పేస్తుంది. కప్పాక కింద ఏదీ బతకదు. దాన్ని మడుగులోకి రానివ్వకపోవడమే మా వదిన జీవితం. హార్బరు పడవలు మడుగులోకి రాకూడదని రూలు పెట్టించింది, పెట్టించినందుకు పడవలవాళ్లందరి చేతా తిట్లు తింది. మడుగులో తాళ్లకి ప్లాస్టిక్ పలకలు కట్టి వేలాడదీసి, నెలకోసారి పైకి తీసి భూతద్దం కింద పెట్టుకుని చూస్తుంది. కొత్తగా ఏది వచ్చినా ముందు ఆ పలకల మీదే కాపురం పెడుతుందట. ఇన్నేళ్లలో చీమిడి ఒక్కసారీ పెట్టలేదు.

పెళ్లిళ్లలో చుట్టాలు అడిగేవాళ్లు, "ఇన్నేళ్లలో ఏం కనిపెట్టావే?" అని.

"ఏమీ లేదని కనిపెట్టాను," అనేది వదిన.

వాళ్లు వెంటనే నా వంక జాలిగా చూసేవాళ్లు, ఆడపడుచుకి మతి చలించిన సంగతి బయటికి పొక్కకుండా నేను కడుపులో దాచుకుంటున్నానన్నట్టు.

ఆవిడకి ఒకే ఒక్క లోపం. వాసన తెలియదు. శవాలు కుళ్లకుండా పోసే ఫార్మలిన్ ఉంటుందే, దాని సీసాల మీదకి ఏళ్ల తరబడి వంగి పనిచేసి ముక్కు చంపుకుంది. పాలు మాడినా, గ్యాసు లీకైనా, మా ఆయన బూట్లు విప్పినా ప్రశాంతంగా పేపరు చదువుకుంటూ ఉంటుంది. నాకేమో దేవుడు ఆవిడ వాటా కూడా కలిపి ఇచ్చాడు. ఎదురింటి వాళ్ల బుట్టలో ఒక్క ఉల్లిపాయ కుళ్లితే మా వంటింట్లో నాకు తెలుస్తుంది. బస్సులో కడ్డీ పట్టుకుంటే, ఇంటికొచ్చి సబ్బు రాసేదాకా ఆ చెయ్యి నాది కాదు. ఇలాంటి దాన్ని తెచ్చి ఇలాంటి ఇంట్లో పడేశారు.

హార్బరులో హోటలు నడిపే పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. అందరూ ఓనరుగారు అంటారు. ఆయన నీళ్ల మీద బల్లపరుపుగా తేలే పెద్ద ఇనప పంటు ఒకటి కొని, దాని మీద రెండంతస్తుల హోటలు కట్టించాడు. దాన్ని లాక్కెళ్లి మడుగు మధ్యలో లంగరేస్తాడు, వచ్చినవాళ్లు గాజు నేల మీద బల్లలేసుకుని కింద ఈదే చేపల్ని చూస్తూ భోంచేస్తారు. అదీ ఆలోచన. కట్టడానికి రెండేళ్లు పట్టింది. రెండేళ్లూ పంటు హార్బరులోనే తేలుతూ ఉంది. పైన హోటలు ఎంత పెరిగిందో, కింద చీమిడీ అంత పెరిగింది. ఓనరుగారు ముచ్చటపడి పిలిస్తే మేమూ వెళ్లి చూశాం. గాజు కింద చేప అన్నది లేదు. అవతలివైపు నుంచి ఎవరో గాజుకి ముక్కు తుడిచినట్టు ఉంది.

"మడుగులోకి వెళ్లాక బాగా కనిపిస్తుందమ్మా," అన్నాడు ఓనరుగారు.

పంటు మడుగులోకి వెళ్లాలంటే, మా వదిన పనిచేసే సముద్రజీవుల పరిశోధన స్టేషన్ తరఫున ఆవిడ సంతకం కావాలి. ఆవిడ రిటైర్మెంటుకి ఇంకా నెలన్నర ఉంది. ఈ కథంతా ఆ నెలన్నరలో జరిగింది.

ఆ రోజు నేను భోజనం డబ్బా ఇవ్వడానికి వదిన స్టేషన్‌కి వెళ్లేసరికి, గదిలో స్టేషన్ డైరెక్టరూ ఓనరుగారూ కూర్చుని ఉన్నారు. డైరెక్టరు ఒకప్పుడు మా వదిన దగ్గర పని నేర్చుకున్నవాడే. ఎవరేం చెప్పినా తలూపుతాడు, అందువల్ల తొందరగా పైకి వచ్చాడు.

"గీకించేద్దాం మేడమ్," అంటున్నాడు. "నలుగురు డైవర్లు, నాలుగు ఇనప బ్రష్షులు. రెండ్రోజుల పని."

"గీకితే రాలిన ప్రతి ముక్కా మళ్లీ బతుకుతుంది," అంది వదిన. "గోరంత ముక్క చాలు. సందుల్లో ఇరుక్కుని మడుగు దాకా పోతుంది. పోయిన ఏడాది కాలేజీ పిల్లలకి ఆ పాఠం చెప్పింది నువ్వే."

"క్లాసు వేరు, ఫీల్డు వేరు కదా మేడమ్."

"ఆ తేడా చీమిడికి ఎవరు చెప్తారు? నువ్వు దిగి చెప్తావా?"

ఓనరుగారు నా వైపు తిరిగాడు. "శుభ్రం చేస్తాం మొర్రో అంటుంటే వద్దనేవాళ్లని ఇక్కడే చూశా. మీరు చెప్పండమ్మా, ఇల్లు నడిపేవాళ్లు. మురికి పడితే ఏం చేస్తాం? గీకుతామా, చీర కడతామా?"

"నేనైతే ముట్టుకోనండీ," అన్నాను. నిజమే చెప్పాను.

"చీరే కడదాం," అంది వదిన.

ఆవిడ చెప్పిన పద్ధతి ఇదీ. మందపాటి ప్లాస్టిక్ పట్టాని పంటు కింద నుంచి తీసుకొచ్చి, అంచులు పైకి లాగి, చుట్టూ ఉన్న రెయిలింగుకి తాళ్లతో బిగించి కట్టాలి. లోపలికి కొత్త నీళ్లు రాకూడదు. కాస్త బ్లీచింగు నీళ్లు కలపాలి. గాలాడక చీమిడి ఉన్నచోటే చస్తుంది, ముక్క కూడా ఎక్కడికీ పోదు. రెండు వారాలు కదపకుండా ఉంచాలి. పంటుని పైకెత్తి ఆరబెట్టేంత పెద్ద రేవు మా దీవిలో లేదు కాబట్టి ఇంతకంటే దారి లేదు.

ఓనరుగారు గొణిగాడు. డైరెక్టరు ఆయనకీ తలూపాడు, ఈవిడకీ తలూపాడు. చివరికి సంతకం ఆవిడదే కాబట్టి పట్టా కట్టారు. కింద ఊపిరాడక వేలకి వేల ప్రాణాలు పోతున్నాయంటే అయ్యో అనిపించాలి. నాకు అనిపించలేదు.

కొన్నాళ్లకి కంపు మొదలైంది.

కంపు అంటే చదివేవాళ్లు ఏదో ఊహించుకుంటారు. దయచేసి ఊహించుకోకండి, అది కాదు. కోడిగుడ్డు కుళ్లితే వచ్చేది మొదటి రోజు. తర్వాత అందులో ఎండ్రకాయలు, గుల్లలు, పురుగులు, చీమిడితో పాటు చచ్చినవన్నీ కలిసాయి. ఎలక చచ్చిన బావిలో ఎవరో కోడిగుడ్లు కూడా పారబోసి, మూత పెట్టి, ఎండలో ఉడికించినట్టు. గాలి అటు నుంచి వీస్తే హార్బరు వీధిలో కొట్లవాళ్లు తలుపులు దగ్గరగా వేసుకునేవాళ్లు. నా తల్లో నూనెకి కూడా ఆ వాసన పట్టింది. మా ఆయనకి ఏమీ అనిపించలేదు. "మా పేషెంట్లలో ఇంతకంటే ఘనులున్నారు," అన్నారు.

మా వదిన మొహం వెలిగిపోయింది. "కంపు కొడుతోందంటున్నారు కదా అందరూ! చస్తోందన్నమాట!" అని, అంతలోనే దిగులు పడింది. "అన్ని వైపులా కొడుతోందా అన్నది ఎలా తెలుస్తుంది?"

లోపల గాలి ఎంతుందో కొలిచే మీటరు ఉంది గానీ, దాన్ని దింపాలంటే పట్టాకి చిల్లు పెట్టాలి. చిల్లు పెడితే చచ్చేదానికి ఊపిరి పోసినట్టే. పట్టా అంచుల దగ్గర వంగి వాసన చూడటం ఒక్కటే మార్గం. స్టేషన్లో వాసన తెలిసినవాళ్లందరికీ ఆ వారమే జలుబు చేసింది.

వదిన వంటింటి గుమ్మంలో నిలబడింది.

"ఏమే..."

"వద్దు వదినా."

"ఇంకా ఏం అడగలేదు కదే."

"మీరు నా ముక్కు వంక చూస్తున్నారు."

"నీలాంటి ముక్కు ఈ దీవిలో ఇంకోటి లేదు. పొద్దున్నే ఒక్కసారి పంటు చుట్టూ తిరిగితే చాలు. తమ్ముడికి టిఫిను నేను చూస్తాను."

ఆవిడ చేసే టిఫిను మా ఆయన ఎలాగూ తినరు. అయినా నేను వెళ్లాను. ఎందుకు వెళ్లానో సరిగ్గా చెప్పలేను. ఆవిడ నన్ను ఇన్నేళ్లలో ఏదీ అడగలేదు, ఫ్రిజ్‌లో ఆ అర తప్ప.

రోజూ పొద్దున పంటు అంచు వెంట ఉన్న చెక్క బాట మీద నడుస్తూ, ప్రతి తాడు ముడి దగ్గరా మోకాళ్ల మీద కూర్చుని, పట్టా అంచుకి ముక్కు పెట్టేదాన్ని. వెనకాలే వదిన.

"ఇక్కడ?"

"వ్యాక్!"

"బాగుంది. ఇక్కడ?"

"వ్యాక్!"

"భేష్."

నలుగురూ చూస్తున్నారని మొదట్లో సిగ్గుపడ్డాను. తర్వాత సిగ్గుపడటానికి కూడా ఊపిరి పీల్చుకోవాలని మానేశాను. ఇంటికెళ్లి మూడుసార్లు తలస్నానం చేసి, కట్టిన చీర పెరట్లో తీగ మీద పడేసేదాన్ని. కాకులు కూడా ఆ తీగ మీద వాలేవి కావు.

రెండో వారంలో ఒక పొద్దున, హోటలు వంటగది ఉన్న మూలకి వచ్చాం. మోకాళ్ల మీద కూర్చుని, గుండె దిటవు చేసుకుని పీల్చాను. ఏమీ లేదు. ఇంకోసారి పీల్చాను. ఉప్పు గాలి. పసిపిల్ల తల వాసన చూసినంత హాయిగా ఉంది.

"అమ్మయ్య! ఇక్కడ ప్రాణం లేచొచ్చింది వదినా," అన్నాను.

తల ఎత్తి చూస్తే వదిన మొహంలో రంగు లేదు. ఆవిడ బాట మీద బోర్లా పడుకుని, చెయ్యి నీళ్లలోకి పెట్టి పట్టా తడిమింది. నీళ్ల మట్టం కింద పట్టాకి బారెడు కోత ఉంది. కత్తితో తిన్నగా కోసిన కోత. అందులోంచి చెయ్యి దూర్చి, పిడికెడు పదార్థం బయటికి తీసింది. లేత రంగులో నిగనిగలాడుతోంది. వేలితో నొక్కితే ముడుచుకుంది.

"బతికే ఉంది," అంది వదిన. "కొత్తగా పెరుగుతోంది కూడా."

ఓనరుగారిని పిలిపిస్తే ఆయన ఏమాత్రం తడబడలేదు. "నేనే కోయించానమ్మా. వంటవాళ్లు కంపుకి నిలబడలేకపోతున్నారు. కాస్త గాలి ఆడుతుందని చిన్న కోత. అంత పెద్ద పట్టాలో ఇదెంత?"

ఇల్లు నడిపేదాన్ని కాబట్టి నాకు ఆయన బాధ అర్థమైంది. కంపు వస్తే కిటికీ తెరుస్తాం. ఎవరైనా అదే చేస్తారు. కానీ ఆ కిటికీ ఏ గదిదో చూసుకోవాలి కదా.

"మళ్లీ మూయాలి. ఈ రోజు నుంచి మళ్లీ రెండు వారాలు," అంది వదిన.

"అలా కుదరదు. ఎల్లుండి టూరు కంపెనీల వాళ్లకి ఇందులోనే విందు. ఆ మర్నాడు లాగేస్తున్నాం. బోట్లు మాట్లాడేశాను."

"నా సంతకం లేకుండానా?"

ఆ సాయంత్రమే డైరెక్టరు మా ఇంటికి వచ్చాడు. టీ ఇచ్చాను. కప్పు పట్టుకుని చాలాసేపు తలూపి, చివరికి అన్నాడు, "మేడమ్, మీరు ఊరికే మనసు కష్టపెట్టుకుంటున్నారు. ఓనరుగారు పంటు ఎలాగూ లాగేస్తారు. మీరు సంతకం పెట్టకపోతే, నెలాఖరున మీరు రిటైరయ్యాక ఆ కాగితం మీద నేను పెట్టాలి. నాకు మాత్రం ఇష్టమా?"

"ఇష్టం లేకపోతే పెట్టకు."

"అది కాదు మేడమ్. ఇంకోలా ఆలోచించండి." కప్పు కింద పెట్టి ముందుకి వంగాడు. "ఒకవేళ మడుగులోకి వచ్చిందే అనుకోండి. ముందు కనపడేది మీ పలకల మీదే కదా. ఫస్ట్ రికార్డు! మీ పేరు ముందు, నా పేరు వెనక. మంచి జర్నల్లో పడుతుంది. ఇన్నేళ్లుగా మడుగులోకి ఏమీ రాలేదని రాస్తే ఎవరు వేస్తారు చెప్పండి? రిటైరయ్యే ముందు మీకంటూ ఒకటి ఉండాలని నా ఆశ. అయినా వస్తేనే కదా మేడమ్, మన సబ్జెక్టు!"

ఆ మాట ఆయన ఎంత ప్రేమగా అన్నాడంటే, ఆయన నిజంగానే ఆవిడ మంచి కోరి వచ్చాడని నాకు తెలిసిపోయింది. పొద్దున పంటు దగ్గర పట్టిన రోత దీని ముందు ఏ మూలకీ రాదు. ఆయన తాగిన కప్పు వంక చూశాను. దాన్ని కడగాలా, పారెయ్యాలా అని ఆలోచిస్తున్నాను.

వదిన మామూలుగానే అంది. "నువ్వు పోలీసువి కాకపోవడం ఈ దీవి అదృష్టంరా. కేసు దొరుకుతుంది కదా అని రాత్రుళ్లు అందరి తాళాలూ తీసిపెట్టి ఉండేవాడివి. టీ తాగావుగా, వెళ్లు."

అతను వెళ్లాడు. వెళ్తూ కూడా తలూపాడు. కప్పుని నేను పారేశాను.

మర్నాడు వదిన ఎవరెవరికో ఫోన్లు చేసింది. అందరూ ఆవిడ చెప్పింది సబబే అన్నారు, అందరూ డైరెక్టరుతో మాట్లాడమన్నారు. మధ్యాహ్నానికి ఫోను పక్కన పెట్టేసి పేపరు పట్టుకుంది. పేపరు తలకిందులుగా ఉందేమోనని తొంగి చూశాను. లేదు, కానీ పేజీ తిప్పడం లేదు.

నేను బియ్యం ఏరుతూ అడిగాను. "వదినా, పంటు వెనక కొస ఉంది చూశారూ, వంటగదికి అటు చివర. అక్కడంతా చచ్చినట్టేనా?"

"నీ ముక్కు ఏమంది?"

"అక్కడ ప్రాణమున్నది ఏదీ నిలవదంది."

"అయితే చచ్చినట్టే. అక్కడ ఇక ఊపిరి పోసుకునేదేమీ లేదని నేను నిన్న ముడి వదులు చేసి, గరిటెడు తీసి భూతద్దం కింద చూశాను కూడా. పూర్తిగా జావ. అది బయటికి కారినా సముద్రానికి ఏ నష్టమూ లేదు." పేజీ తిప్పింది. "ఈ రోజుల్లో మధ్యాహ్నం పూట గాలి వెనక కొస నుంచి వంటగది వైపు వీస్తుంది."

"నేను గాలి గురించి అడగలేదే."

"నేనూ చెప్పలేదు," అంది వదిన. "ఆ వెనక తాళ్లకి వేసినవి జారుముళ్లు. మీ ఆయన బూటు లేసు కూడా అంతకంటే గట్టిగా ఉంటుంది."

మళ్లీ పేపర్లోకి వెళ్లిపోయింది.

విందుకి మమ్మల్నీ పిలిచాడు ఓనరుగారు, మర్యాద తెలిసినవాడు. గాజు నేల మీద తెల్లటి గుడ్డలు పరిచిన బల్లలు. టూరు కంపెనీల వాళ్లు పాతికమంది, ఒకళ్ల కంటే ఒకళ్లు ఇస్త్రీగా ఉన్నారు. డైరెక్టరు మధ్య బల్ల దగ్గర కూర్చుని అందరికీ తలూపుతున్నాడు. వంటగది మూల కోత ధర్మమా అని హాల్లో నిజంగానే కంపు అంతగా లేదు. ఉన్న కాస్తా అగరొత్తులు వెలిగించి అణిచారు. వదిన ఒక మూల కుర్చీలో కూర్చుని సూపు ముందు పెట్టుకుంది.

"చేతులు కడుక్కొస్తాను," అన్నాను.

"బాగా కడుక్కో," అంది.

చెక్క బాట మీద వెనక కొసకి వెళ్లాను. ముక్కుకి కొంగు కట్టుకుని ఒక్కో ముడీ లాగాను. నిజంగానే జారుముళ్లు. నాలుగో తాడు జారేసరికి పట్టా అంచు సొమ్మసిల్లినట్టు నీళ్లలోకి వాలిపోయింది. లోపల్నుంచి నల్లటి నీళ్లు పొర్లాయి. వాటి మీద విరిగిన పాలలో తేలినట్టు తెల్లటి ఉండలు, ఉండల మధ్య బుడగలు. ఒక్కో బుడగా పగిలినప్పుడల్లా కళ్లలో నీళ్లు తిరిగాయి. కొంగు ఉన్నా లేనట్టే అయింది. నేను వచ్చిన దారినే పరిగెత్తాను, గాలి నాకంటే ముందు పరిగెత్తింది.

నేను హాల్లోకి అడుగు పెట్టేసరికి మాటలు ఆగిపోయి ఉన్నాయి. నోటిదాకా వెళ్లిన చెంచాలు అక్కడే ఉన్నాయి. ఒకావిడ సూపు వంక అనుమానంగా చూసి వాసన చూసింది, ఆ చూడటం పెద్ద పొరపాటు. అప్పుడు ఎవరో కిందకి చూశారు. గాజు నేల కింద నల్లటి నీళ్లు పాకుతూ వచ్చి, వాటితో పాటు జావ ముద్దలు ఒక్కొక్కటే బల్లల కిందుగా తీరిగ్గా సాగిపోతున్నాయి. చేపల్ని చూడటానికి కట్టిన గాజు కదా, అంటుకున్న చీమిడి చచ్చి రాలిపోయాక చాలా స్పష్టంగా కనిపించింది. మొదట వాంతి చేసుకున్నవాడు పక్కవాడి పళ్లెంలో చేసుకున్నాడు. రెండోవాడికి ఆ దృశ్యమే చాలింది. తర్వాత ఎవరికి ఎవరు కారణమో చెప్పలేను. తెల్లటి గుడ్డలు, ఇస్త్రీ చొక్కాలు, పూలకుండీలు, ఒక్కటీ మిగల్లేదు. గట్టు మీదకి వేసిన చెక్క పలక మీద అందరికంటే ముందు దిగినవాడు మా డైరెక్టరు. దిగుతున్నప్పుడు తల ఊగింది గానీ, అది వేరే సంగతి.

మా వదిన సూపు పూర్తిచేసింది.

హాలు ఖాళీ అయ్యాక ఓనరుగారు రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఆవిడ ఎదురుగా కూలబడ్డాడు. "ఏమైందమ్మా ఇది? ఏం చెయ్యమంటారు?"

"తాళ్లు జారినట్టున్నాయి," అంది వదిన. నా వైపు చూడలేదు. "ఇప్పుడు మీ ఇష్టం. సగం చచ్చింది, సగం బతికింది. రేపు ఇలాగే మడుగులోకి లాక్కెళ్తే, చచ్చిందంతా మీ బల్లల కింద నెలల తరబడి కుళ్లుతూ ఉంటుంది. బతికింది మళ్లీ ఆ గాజంతా కప్పేస్తుంది. కాదంటారా, కోత మూసి, కట్టు బిగించి, మొత్తం చావనివ్వండి. చచ్చాక నడిసముద్రంలో పట్టా విప్పి కడిగేస్తే ఈ కంపు అక్కడే పోతుంది."

ఓనరుగారు గాజు కిందకి చూశాడు. ఒక ముద్ద ఆయన బూట్ల కిందుగా వెళ్తోంది. "మీరు రిటైరయ్యే రోజు దాకా ఆగుతానమ్మా," అన్నాడు. "అంతకంటే ఒక్క పూట కూడా ఆగలేను. అప్పటికి మీరు అయిందంటే అయినట్టు, లేదంటే డైరెక్టరుగారి చేత పెట్టించుకుంటా."

మళ్లీ కట్టారు. కోతకి లోపలా బయటా అతుకు వేశారు. ఈసారి ముళ్లు వదిన దగ్గరుండి వేయించింది, విప్పాలంటే కొడవలి కావాలి. నా పొద్దుటి నడక మళ్లీ మొదలైంది. మిగతా అన్నిచోట్లా వ్యాక్, వ్యాక్. వంటగది మూలకి వచ్చేసరికి ఉప్పు గాలి.

"ఇంకా లేదా?"

"లేదు వదినా."

"సరిగ్గా పీల్చావా?"

"గుండెల్లోకి పీల్చాను. సుబ్బరంగా ఉంది."

ఆవిడ ఇంటికొచ్చి అన్నం కలిపి పెట్టుకుని తినకుండా లేచేది. స్టేషన్‌లో వీడ్కోలు సభకి కుర్చీలు తెప్పించారు. ఏ శాలువా కప్పాలని డైరెక్టరు ఫోను చేసి అడిగితే, "పంటుకి కప్పినలాంటిది తీసుకురా," అని పెట్టేసింది. కొత్తగా పెరిగినది గట్టిది, దానికి చావు ఆలస్యమవుతుందేమోనని మా ఆయనతో అంటూంటే విన్నాను. ఆయన పన్ను పీకినంత మెల్లిగా, "చస్తుందిలే అక్కా," అన్నారు. ఆ ఇంట్లో ఒక జీవి చావు కోసం అంతమంది ఆశగా ఎదురుచూడటం అదే మొదలు.

సభకి ముందు రోజు పొద్దున మబ్బు పట్టి, గాలి పూర్తిగా పడిపోయింది. వంటగది మూలకి వచ్చాం. మోకాళ్ల మీద కూర్చున్నాను. అలవాటైపోయి కొంగు కూడా అడ్డం పెట్టుకోలేదు. అంచుకి ముక్కు ఆనించి, గుండెల నిండా పీల్చాను.

ఆ తర్వాత కాసేపు నాకేమీ తెలియదు. రెయిలింగు పట్టుకుని సముద్రంలోకి వంగి ఉన్నాను. పొద్దున తాగిన కాఫీ, రాత్రి తిన్న అన్నం, అంతకు ముందెప్పుడు తిన్నవో కూడా ఒకదాని వెనక ఒకటి వచ్చేశాయి. కళ్ల నుంచి, ముక్కు నుంచి నీళ్లు. మాట్లాడదామని నోరు తెరిస్తే మళ్లీ వచ్చింది.

వీపు మీద వదిన చెయ్యి వేసి రాస్తోంది. "వచ్చిందా? ఇక్కడేనా? ఏమే, నిజంగా ఇక్కడేనా?"

చెయ్యి ఊపాను. ఆగమనీ, అవుననీ, నీళ్లు ఇమ్మనీ మూడూ కలిపి.

ఆవిడ చెక్క బాట మీద చతికిలబడింది. చీర తడుస్తోందన్న ధ్యాస లేదు. చూస్తే ఏడుస్తోంది. ఏడుస్తూనే నా నోరు తుడవడానికి తన కొంగు అందించింది. ఆ కొంగుకి అంటిన జిగట ఏమిటో నేను అడగలేదు, తుడుచుకున్నాను.

"ఎలా ఉంది?" అంది.

"భరించలేం వదినా."

"ఇంకోసారి చెప్పు," అంది మా వదిన, సంతకం పెట్టడానికి పెన్ను వెతుక్కుంటూ.